తొలి బంతికి అంత హుక్ ఎందుకు?

అమెరికాలో పది పిన్నుల బౌలింగ్ లీగులో కొత్తగా చేరినవాళ్లు కొన్నాళ్లకే ప్రో షాపుకు, అంటే బంతులు అమ్మి తొలిచిపెట్టే దుకాణానికి, వెళ్లి అడిగే మాట ఒకటుంది: "ఇంకా ఎక్కువ తిరిగే బంతి ఉందా?" పక్క లేన్‌లో ఎవరో వేసిన బంతి కుడి అంచు దాకా వెళ్లి, ఇక గటర్‌లో పడటమే తరువాయి అనుకునేలోపు ఎడమకు మళ్లి, పదింటినీ ఒక్క దెబ్బకు పడగొడుతుంది. అది చూశాక తన బంతి మీద మనసు విరగడం సహజమే. హైదరాబాద్ మాల్‌లో అద్దె బంతితో ఆడే కుర్రాడికైనా, డాలస్‌లో ఆఫీసువాళ్లతో వెళ్లే తెలుగు ఇంజినీరుకైనా ఈ ఆశ పుట్టక మానదు.

ఆశలో తప్పేమీ లేదు. బంతి అలా వంపు తిరగడాన్నే హుక్ అంటారు. అది వట్టి ఆర్భాటం కాదు, దాని వెనక లెక్క ఉంది. బంతి వదిలే చోటి ఫౌల్ లైన్ నుంచి మొదటి పిన్ను దాకా 60 అడుగులు. లేన్ వెడల్పు మూడున్నర అడుగులకు కాస్త తక్కువ. ఇంత పొడవు, ఇంత ఇరుకు ఉన్న చోట కుడి అంచు నుంచి ఎంత ఏటవాలుగా వేసినా, నేరుగా వెళ్లే బంతి రెండు డిగ్రీల లోపు కోణంతోనే పిన్నులను తాకుతుంది. స్ట్రైక్‌కు, అంటే పదీ ఒకే బంతికి పడటానికి, బాగా కలిసొచ్చే కోణం ఆరు డిగ్రీల దరిదాపుల్లో ఉంటుందని అమెరికా బౌలింగ్ సమాఖ్య పరిశోధనలు తేల్చాయి. వంపు తిరగకుండా ఆ కోణం రాదు.

కోణానికి అంత విలువ ఎందుకంటే, చక్కటి స్ట్రైక్‌లో బంతి తాకేది నాలుగు పిన్నులనే. కుడిచేతివాడి బంతి 1, 3 పిన్నుల మధ్య దూరి, 5నీ 9నీ తాకి వెళ్లిపోతుంది. మిగతా పని పిన్నులే చూసుకుంటాయి. ఒకటి రెండును, రెండు నాలుగును, నాలుగు ఏడును పడేస్తాయి. అటు మూడు ఆరును, ఆరు పదిని కూల్చుతాయి. అయిదు ఎనిమిదిని పట్టుకుపోతుంది. నేరుగా వచ్చిన బంతి ముందు పిన్నులకు తగలగానే పక్కకు జరిగిపోతుంది, నడిమి 5వ పిన్ను తరచూ నిలబడిపోతుంది.

సరే, హుక్ కావాలి. అయితే అది దుకాణంలో దొరుకుతుందా? లేన్ మీద నూనె పూస్తారు. మామూలు సెంటర్లలో సుమారు 40 అడుగుల దాకా, అదీ మధ్యలో దండిగా, అంచుల్లో పలచగా. ఆ తర్వాత లేన్ పొడిగా ఉంటుంది. బురదలో ఊరికే తిరిగే చక్రం గట్టినేల తగలగానే పట్టు దొరికి దూకినట్టు, నూనెలో జారుతూ వచ్చిన బంతి పొడిచోటికి చేరాక పక్కకు మళ్లుతుంది. అలా మళ్లాలంటే అది చెయ్యి దాటేటప్పుడే పక్కకు తిరుగుతూ ఉండాలి. చేతిలో తిప్పు లేనివాడు ఎంత ఖరీదైన బంతి వేసినా అది దాదాపు తిన్నగానే పోతుంది.

ఆ తిప్పు మణికట్టును మెలిపెడితే వచ్చేది కాదు. చెయ్యి భుజం నుంచి వదులుగా ఊగాలి. వదిలే క్షణంలో అరచెయ్యి బంతికి కాస్త కిందగా, పక్కగా ఉండాలి. బొటనవేలు ముందు బయటికి రావాలి. అది వచ్చేశాక మధ్యవేలు, ఉంగరపు వేలు బంతిని లాగుతూ తిప్పుతాయి. కొత్తవాళ్లకు తిరకాసంతా ఈ బొటనవేలి దగ్గరే. అద్దె బంతి రంధ్రం ఎవరి వేలికైనా పట్టేలా వెడల్పుగా తొలుస్తారు. బంతి జారిపోతుందన్న భయంతో బిగించి పట్టుకుంటాం. బిగిస్తే వేలు సమయానికి రాదు, తిప్పూ పుట్టదు. పైగా అద్దె బంతిలో వేళ్లు రెండో కణుపు దాకా దిగుతాయి. మొదటి కణుపు దాకానే దిగేలా సొంత చేతికి కొలిచి తొలిపిస్తే, మామూలు ప్లాస్టిక్ బంతి కూడా ఎంతో కొంత తిరుగుతుంది. నన్నడిగితే డబ్బు ముందు పెట్టాల్సింది ఈ కొలతకు, బంతి పై పొరకు కాదు.

పై పొరకు శక్తి లేదనడం లేదు. 1973లో డాన్ మెక్‌క్యూన్ అనే ప్రొఫెషనల్ తన ప్లాస్టిక్ బంతులను ఒక ద్రావకంలో నానబెట్టి పైభాగాన్ని మెత్తబరిచాడు. ఆ ఏడు ఆరు టైటిళ్లు గెలిచి మేటి ఆటగాడిగా ఎంపికయ్యాడు. దాంతో బంతి గట్టిదనానికి కొలతలు పెట్టి నియమాలు తేవాల్సి వచ్చింది. 1980ల తొలినాళ్లలో యురిథేన్, 1990ల తొలినాళ్లలో రియాక్టివ్ రెజిన్ వచ్చి ఆ పట్టును బజారు సరుకు చేశాయి. కాకపోతే మెక్‌క్యూన్ అప్పటికే చెయ్యి తిరిగిన ఆటగాడు. మెత్తటి బంతి అతని నేర్పుకు తోడైంది, నేర్పును ఇవ్వలేదు.

ఆ నేర్పు లేకుండా ఎక్కువ తిరిగే బంతి పడితే నష్టం రెండు విధాలు. కొత్తవాడు సాధారణంగా నెమ్మదిగా వేస్తాడు. నెమ్మదిగా పోయే బంతికి పట్టు త్వరగా దొరుకుతుంది, మధ్య దారిలోనే మళ్లి పిన్నుల దగ్గరికి వచ్చేసరికి ఊపు పోగొట్టుకుంటుంది. ఇక చెయ్యి ఏ కాస్త తేడాగా పడ్డా ఆ బంతి తేడాను రెట్టింపు చేసి చూపిస్తుంది. తప్పు చేతిదో, నూనెదో, బంతిదో తేల్చుకోలేక కొత్తవాడు రోజుకో చోట నిలబడతాడు. దానికి తోడు, రియాక్టివ్ పొర నూనె పీల్చుకుంటుంది కాబట్టి తుడుస్తూ, శుభ్రం చేయిస్తూ ఉండాలి, అదో ఖర్చు.

అసలు కొత్తవాడి మార్కులు పోయేది స్ట్రైక్ పడకపోవడం వల్ల కాదు. ఆటలోని పది ఫ్రేముల్లోనూ తొమ్మిదేసి పడగొట్టి, మిగిలిన ఒక్కటీ తప్పితే ఆట మొత్తానికి వచ్చేది 90. ఆ ఒక్కటీ ప్రతిసారి రెండో బంతితో పడగొడితే, తర్వాతి బంతి మార్కులు కూడా కలిసి 190. ఒక్క స్ట్రైక్ లేకుండానే! ప్రొఫెషనల్ బౌలర్ల సంఘం (పీబీఏ) పర్యటనలో 47 టైటిళ్లు గెలిచిన వాల్టర్ రే విలియమ్స్ జూనియర్ బంతి తోటి ఆటగాళ్ల బంతుల్లా పెద్ద వంపులు తిరిగేది కాదు, గురి మాత్రం తప్పేది కాదు. గుర్రపు నాడాలు విసిరే ఆటలోనూ ఆయన ఆరుసార్లు ప్రపంచ విజేత.

కుడి మూల 10వ పిన్ను మిగిలితే చూడండి. కుడిచేతివాడి హుక్ బంతి దాని దగ్గరికి వెళ్తూ వెళ్తూ ఎడమకు లాగేస్తుంది. అందుకే హుక్‌లో ఆరితేరిన ప్రొఫెషనళ్లు కూడా ఆ ఒక్క పిన్ను కోసం సంచిలోంచి ప్లాస్టిక్ బంతి తీసి తిన్నగా వేస్తారు. ముందుగా ప్లాస్టిక్ బంతి కొన్నవాడి డబ్బు ఎక్కడికీ పోదన్నమాట, రేపు ఎక్కువ తిరిగే బంతి కొన్నా ఇది పక్కన ఉండాల్సిందే.

ఎదుటి వాదన కూడా ఉంది. ఒడుపుగా వదలడం తొందరగా పట్టుబడినవాడికి ప్లాస్టిక్ బంతి ఫలితం చూపించక విసుగు పుట్టిస్తుందనీ, తక్కువ పట్టున్న చవక రియాక్టివ్ బంతితో మొదలెట్టవచ్చనీ కొందరు అంటారు. అది ఒప్పుకోదగ్గదే. అంతకు మించిన బంతి జోలికి పోవాలంటే ఒక పరీక్ష పెట్టుకోండి. ఫౌల్ లైన్ దాటాక సుమారు 15 అడుగుల దూరంలో లేన్ మీద ఏడు బాణం గుర్తులుంటాయి. చూపు పిన్నుల మీద కాక వాటి మీద నిలపాలి. అనుకున్న బాణం మీదుగా బంతి పదిలో ఏడెనిమిది సార్లు పోతూ, ఒంటరి పిన్నులు పడుతూ ఉంటే అప్పుడు హుక్ గురించి అడగండి. అందాకా ప్రో షాపులో చేయించాల్సింది మీ వేళ్ల కొలత.