కదలికలోని నిలుకడ: ఈజిప్టు నర్తకి సాధన

బెల్లీ డాన్స్ అను పేర లోకమంతట ప్రచారము పొందిన ఈజిప్టు నాట్యమును గూర్చి మనలో పెక్కుమందికి గల అభిప్రాయము చలనచిత్రములందలి విలాసదృశ్యముల వలన ఏర్పడినదే గాని, ఆ కళను దాని పుట్టినింట చూచి ఏర్పరచుకొన్నది కాదు. తళుకుబెళుకుల దుస్తులను, వడివడిగా కంపించు నడుమును మాత్రమే చూచిన కన్నులకు అది కేవలము చాంచల్యముగా తోచుట సహజము. కాని కైరో నగరమున ‘రక్స్ షర్కీ’ అని వ్యవహరింపబడు ఈ విద్య లోతెరిగినవారు, నర్తకి తన దేహములో దేనిని కదలనీయక నిలుపుచున్నదో దానినే మొదట పరికింతురు. ఒక అంగము స్థిరముగా నుండుట చేతనే వేరొక అంగపు చలనమునకు స్ఫుటత్వము కలుగుననునది ఈ నాట్యమునకు మూలసూత్రము. నర్తకి తన మనస్సును, తన బ్రతుకును నిలుపుకొనుటకు సైతము ఆ సూత్రమే ఆధారమని నా నమ్మకము.

ఈ నిలుకడకు కారణము ఈ నాట్యము పెరిగిన తావులయందే కలదు. ‘బలదీ’ అనబడు జానపద నృత్యము ఈజిప్టులో పెండ్లిండ్లలోను, ఇండ్లలోను, బంధుమిత్రుల నడుమ, నాలుగడుగుల చోటున సాగునది. పరుగులకును, లంఘనములకును తావులేనిచోట కళ దేహమునందే విస్తృతిని వెదకికొని, కటి, ఉదరము, వక్షము, భుజములు అను అంగములలోనే సూక్ష్మభేదములను కల్పించుకొన్నదనుట యుక్తము. డమాస్కసున పుట్టిన బదియా మసాబ్నీ 1926లో కైరోయందు సంగీతనాట్యశాలను నెలకొల్పి ఆ నృత్యమును విశాలమైన వేదికపైకి తెచ్చినప్పుడు, చేతులు పైకెత్తి చాచుట, వేదిక పొడవునా సంచరించుట, పాశ్చాత్య నృత్యములనుండి గ్రహించిన భంగిమలు దానిలో చేరినవి. ఐనను ఆమె శాలలో రాటుదేలిన తహియా కారియోకా, వేదిక ఎంత పెద్దదైనను, తాను నిలిచిన కొద్దిపాటి చోటునుండి కదలకయే సభను వశపరచుకొనగలిగెను. సాహిత్యవిమర్శకుడు ఎడ్వర్డ్ సయీద్ 1990లో ఆమెను గూర్చి వ్రాసిన వ్యాసమున, ఆ మితచలనమునే ఆమె ప్రతిభకు పరాకాష్ఠగా కీర్తించెను.

అట్టి మితచలనము సాధ్యమగుటకు మొదట నిలుచుట నేర్వవలెను. పాదములను తుంటి వెడల్పున సమాంతరముగా నుంచి, మోకాళ్ళను బిగింపక కొంచెము సడలించి, కటి ముందుకుగాని వెనుకకుగాని ఒరగకుండ చూచుకొని, పొత్తికడుపును మెల్లగా లోనికి తీసికొని, రొమ్మునెత్తి, భుజములను దించి నిలుచుట ఈ నాట్యమున ప్రథమస్థానకము. నిటారుగా నిలిచిన మనుష్యుని గరిమనాభి బొడ్డునకు దిగువగా, త్రికాస్థి ముందు, కటిలోపల నుండును; ఆ బిందువునుండి దించిన లంబము పాదములు ఆక్రమించిన చోటులో పడినంతవరకు దేహము ఒరిగిపోదు. పెక్కు నాట్యములలో ఆ బిందువును పదిలముగా మోసికొనిపోవు పీఠము కటి. ఇందులోనో, ఆ పీఠమే నర్తింపవలెను. తన ఆధారమునే ఆడించుచు దాని మీద నిలువవలసి వచ్చుటలో ఈ విద్యయొక్క కష్టమంతయు ఇమిడియున్నది.

ఈ కష్టమును దాటించు ఉపాయము అంగవిభజనము. తుంటిని ఠీవిగా క్రిందికి విడుచునపుడు దేహపుబరువంతయు రెండవ కాలిపై నుండును. బరువు మోయు కాలు వేరు, ఆడు తుంటి వేరు. ఈ భేదము పాదములకు తెలియనంతకాలము ఎంత ప్రయాసపడినను దెబ్బ స్పష్టముగా పడదు. కటితో గాలిలో 8 అంకెను గీయునపుడు ప్రక్కటెముకలు పైన నిశ్చలముగా నుండవలెను. అందుచేతనే అభ్యాసకురాలు అద్దము ముందు నిలిచి, ప్రక్కటెముకలపై చేయి మోపి, నెమ్మదిగా, మరింత నెమ్మదిగా ఆ రేఖను సాధించును. ఇక చూపరులకు అత్యద్భుతముగా తోచు నడుము కంపనము, పలువురు భావించునట్లు కండరములను బిగించుటవలన పుట్టదు. మోకాళ్ళు ఒకదాని వెంట నొకటి కొద్దిగా వంగుచు నిక్కుచుండగా, వదులుగా విడిచిన తుంటి తనంతట తాను కంపించును. ఊపిరి బిగబట్టినచో ఆ కంపనము మెడకును, ముఖమునకును ఎగబ్రాకి, నర్తకి ఆయాసమును బయటపెట్టును. అందుచేత శ్వాస ఈ నాట్యమున తాళమంతటి ప్రధానాంగము.

నిలుకడకు ప్రత్యక్షపరీక్షగా పెండ్లి ఊరేగింపులలో వెలుగు షమదాన్ నృత్యమును చెప్పవలెను. మండుచున్న క్రొవ్వొత్తుల దీపస్తంభమును శిరస్సున ధరించి, వధూవరుల ముందు నడచు నర్తకి తుంటితో ఆడును, మోకాళ్ళపై వ్రాలును, నేలపై ఒరగును. దీపములు మాత్రము చలింపవు. మన కూచిపూడి తరంగమున ఇత్తడి పళ్ళెరపు అంచులపై పాదములు మోపి, తలపై చెంబు నుంచుకొని ఆడు నర్తకిని చూచినవారికి ఈ నేర్పు యొక్క విలువ వేరుగా చెప్పనక్కరలేదు. తరంగమున పరీక్ష పాదముల క్రింద నున్నది. షమదానునందు అది దేహమధ్యమున నున్నది. నడుము రేపిన అలజడిని వెన్నెముక దారిలోనే మ్రింగివేసి, కంఠమును శిరస్సును ప్రశాంతముగా నుంచవలెను.

గిరగిర తిరుగునపుడు మరియొక చిక్కు కలదు. లోపలి చెవియందలి అర్ధవృత్తనాళములలోని ద్రవము, దేహము ఆగిన పిదపను కొంతసేపు కదలుచునే యుండుటచేత, నేల తిరుగుచున్నట్లు తోచును. తిరుగుట ముగియగానే చూపును ఒక స్థిరబిందువుపై నిలిపి, బరువును రెండు పాదములకు సమముగా పంచి, ఒక దీర్ఘశ్వాస విడుచుట దీనికి మందు. అనుభవజ్ఞురాలైన నర్తకి ఆ విరామమును కూడ నాట్యములో భాగముగానే మలచుకొనును.

దేహమునకు కటి కేంద్రమైనట్లు, మనస్సునకు సంగీతము కేంద్రము. ‘తక్సీమ్’ అను మనోధర్మవాదనమున వాద్యకారుడు తాళము లేకయే రాగమును విస్తరించునపుడు, నర్తకికి ముందుగా కూర్చుకొన్న అడుగులు అక్కరకు రావు. బలదీ పద్ధతిలో అకార్డియన్ దీర్ఘస్వరముతో మొదలిడగా ఆమె దాదాపు నిశ్చలముగా వినుచు నిలుచును. తబ్లా అని అచట పిలువబడు చేతిడోలు ప్రశ్నవలె నొక దెబ్బ వేయగా తుంటితో బదులిచ్చును. ఆ సంవాదము ముదిరి తాళము స్థిరపడినపుడే పూర్ణనృత్యమునకు దిగును. ప్రతి దెబ్బకును ఉలికిపడి దేహమాడించు నర్తకి త్వరలోనే తన్ను తాను పోగొట్టుకొనును; వినిన దానిలో తనకు కావలసినదానిని ఎన్నుకొని, తక్కినదానిని సాగిపోనిచ్చునామె ప్రేక్షకులను కూడ వినజేయును. ఈజిప్టు గాయని ఉమ్ కుల్సూమ్ పాటలకు నర్తించి ఖ్యాతి గాంచిన సొహైర్ జకీ ఘనత ఇట్టి శ్రవణశక్తియందే యున్నది.

వేదికకు వెలుపలను ఈ నర్తకి సమతౌల్యము కొరకు పెనగవలసియే వచ్చెను. ఈజిప్టు పాలకుడు ముహమ్మద్ అలీ 1834లో వీథినర్తకులను కైరోనుండి ఎగువ ఈజిప్టునకు వెడలగొట్టెను. పెండ్లికి మంగళప్రదమని పిలిచిన నోటితోనే ఆమె వృత్తిని నిందించుట సమాజమునకు పరిపాటి ఆయెను. మానవశాస్త్రజ్ఞురాలు కారిన్ వాన్ న్యూకెర్క్ 1995లో ప్రకటించిన గ్రంథమున, ఈజిప్టు నర్తకీమణులు తమది కూడ ఇతర వృత్తులవంటి వృత్తియేననియు, కుటుంబపోషణకై పడు శ్రమయే దాని గౌరవమనియు సమర్థించుకొనుట కనబడును. మెచ్చుకోలును, తిరస్కారమును ఒకే రాత్రి పొందవలసినవారికి ఈ విధమైన స్వవిచారము అవసరము. చప్పట్లలో తన విలువను వెదకికొన్నచో, అవి ఆగిన మరునాడు నిలువ నేల యుండదు.

తన నిలుకడను ఇతరులనుండి ఎరువు తెచ్చుకొనుటయు సాధ్యము కాదు. తహియా, సామియా గమాల్ అను వారిరువురును బదియా మసాబ్నీ శాలలోనే ఎదిగినవారు. తహియా నేలను విడువక లోతునకు దిగినది; సామియా మేలిముసుగు నెగురవేయుచు వేదికయంతట తేలినది. ఒకరినొకరు అనుకరించియున్నచో ఇరువురిలో ఏ యొక్కరును మనకు మిగిలియుండెడివారు కారు. గురువు స్థానకమును నేర్పగలదు, తాళమును నేర్పగలదు. తన దేహపు తూకమునకు, తన స్వభావమునకు ఏది తగునో కనుగొనుట శిష్యురాలి పని.

కావున మన నగరములలో ఈ విద్యను అభ్యసింపగోరు యువతులు దుస్తులను, వేగమును తరువాతి మాటగా నెంచి, మొదటి నెలలను నిలుచుటకును, బరువు మార్చుటకును, పాటను చెవియొగ్గి వినుటకును వినియోగించినచో, అందువలన కలుగు లాభము నాట్యముతో ముగియదు. అలజడి తన నడుమనే పుట్టుచుండగా తలను ప్రశాంతముగా నుంచుకొను నేర్పు ఏ వృత్తిలోని మనుష్యునకైనను కావలసినదే. దానిని ఇంత కఠోరముగా, ఇంత మనోహరముగా దేహమునకు బోధించిన కళను వినోదమాత్రముగా నెంచుట మనకే నష్టము.