రెండు గ్లాసుల నేల మీద ఒక్క పాత్ర

దివ్యబలిపూజలో కానుకల ఘట్టం వచ్చినప్పుడు గురువు పానపాత్రలో ద్రాక్షారసం పోసి, అందులో ఒక్క చుక్క నీళ్లు కలుపుతారు. వెనక వరసల్లో కూర్చున్నవాళ్లకు అది కనపడదు. ముందున్నవాళ్ల దృష్టి కూడా ఆ సమయానికి పాట మీద ఉంటుంది. మూడో శతాబ్దంలో కార్తేజి పీఠాధిపతి సిప్రియాను ఈ చుక్కకు అర్థం చెప్పాడు. ద్రాక్షారసం క్రీస్తు రక్తానికి గుర్తు, నీళ్లు ప్రజలకు గుర్తు, కలిశాక ఈ రెంటినీ ఎవరూ విడదీయలేరు అని ఆయన భావం. గుంటూరు, ప్రకాశం నల్లరేగడి పల్లెల్లో క్రీస్తు రక్తంపట్ల కతోలికులు చూపే భక్తి విలువంతా ఈ చుక్కలోనే ఉందని నేననుకుంటాను. రక్తమంటే పుట్టుకతో వచ్చేదని, ఎవరిది వారిదేనని నమ్మే ఊళ్లలో, రక్తాన్ని ఒకే గిన్నెలోంచి పంచుకునేదిగా మార్చిన ఆచారం ఇది.

ముందు పదార్థాల సంగతి చూద్దాం. పల్నాడు నుంచి ఒంగోలు దాకా పత్తి, మిరప, కంది, పొగాకు కనపడతాయి గానీ గోధుమ చేలు, ద్రాక్ష తోటలు ఇక్కడి రైతు బతుకులో లేవు. శ్రీసభ చట్టంలోని 924వ నియమం మాత్రం అప్పం గోధుమదే కావాలని, రసం ద్రాక్షదే కావాలని చెబుతుంది. పిండి, నీళ్లు తప్ప మరేమీ కలపకుండా, పులియబెట్టకుండా, రెండు వేడి ఇనప పలకల మధ్య నొక్కి పల్చటి అప్పాలు కాలుస్తారు. అన్నం తినే జనానికి దేవుడు అన్నంలో ఎందుకు రాడు అన్న ప్రశ్న న్యాయమైనదే. అయితే సత్ప్రసాదం ఒక ప్రత్యేకమైన రాత్రి జ్ఞాపకం. యెరూషలేములో ఒక మేడగదిలో, ఒక బల్ల మీద ఉన్న వస్తువులతో జరిగినదాని జ్ఞాపకం. వస్తువును మారిస్తే ఆ రాత్రితో ఉన్న ముడి వదులవుతుంది. పైగా ఈ నేలకు పరాయి పంట కొత్త కాదు. మిరప అమెరికా ఖండంలో పుట్టి, పోర్చుగీసు ఓడల్లో మన దేశానికి వచ్చింది. ఇవాళ గుంటూరు యార్డు పేరే మిరపకు మారుపేరు. దూరం నుంచి వచ్చిన విత్తనం ఇక్కడి చెమటతో ఇక్కడిదైంది. మాట విషయంలోనూ అంతే. కాషాయం కట్టి, మాంసం మాని తెలుగు సీమలో తిరిగిన 18వ శతాబ్దపు జెస్విట్ గురువుల కాలం నుంచి ఈ విశ్వాసం తెలుగు మాటను, తెలుగు పద్యాన్ని ఆశ్రయించింది. క్రీస్తు కథను ప్రబంధంగా రాసిన మంగళగిరి ఆనందకవి తన కావ్యానికి ‘వేదాంత రసాయనం’ అని పేరు పెట్టాడు. రసాయనమంటే జరామరణాలను దూరం చేసే మందు. రెండో శతాబ్దంలో అంతియొకయ ఇగ్నేషియసు కూడా సత్ప్రసాదాన్ని చావులేని మందుగానే చెప్పాడు. ఆ ఇద్దరి మాటా ఒకేచోటికి చేరడం నాకు చాలా విలువైన విషయంగా తోస్తుంది.

క్రీస్తు రక్తానికి విడిగా పండుగ చేయడం అంత పాతది కాదు. గాస్పర్ దెల్ బుఫాలో 1815లో ఇటలీలో ఈ భక్తి పేరునే ఒక గురు సంఘం స్థాపించాడు. తొమ్మిదో పయస్ పోపు 1849లో పండుగను శ్రీసభ అంతటికీ విస్తరింపజేస్తే, పదో పయస్ 1914లో జులై 1కి స్థిరపరిచాడు. ఇరవై మూడో జాన్ 1960లో అమూల్య రక్త ప్రార్థనమాలను ఆమోదించాడు. 1969 నాటి కొత్త పంచాంగంలో ఆ పండుగ క్రీస్తు శరీర రక్తముల మహోత్సవంలో కలిసిపోయింది. అది సాధారణంగా మే చివరనో జూన్‌లోనో వస్తుంది. మృగశిర కార్తె చినుకుల కోసం రైతు పత్తి విత్తనాలు పక్కన పెట్టుకుని ఎదురుచూసే రోజులవి.

ఈ భక్తిలో చిన్న పనుల మీదున్న శ్రద్ధ పెద్ద ప్రకటనల మీద లేదు, అదే దాని బలం. పాత్ర కింద పరిచే తెల్లగుడ్డను తొమ్మిది గళ్లు పడేలా లోపలికే మడుస్తారు, ఒక్క పొడి రేణువు కూడా కింద పడకూడదని. పాత్ర తుడిచిన గుడ్డను మామూలు ఉతుకులో వేసేముందు విడిగా నీళ్లలో జాడించి, ఆ మొదటి నీళ్లను మురుగులో పారబోయకుండా నేరుగా మట్టిలో పోస్తారు. ఇదంతా ఛాందసం కదా అనవచ్చు. కళ్లంలో ఎండిన మిరపకాయలను తాలుకాయ వేరు చేస్తూ ఒక్కొక్కటిగా ఏరే ఆడవాళ్లకు మాత్రం ఇందులో వింత కనపడదు. విలువైనదాన్ని చేతులు ఎలా పట్టుకుంటాయో వాళ్లకు తెలుసు.

పక్కింటి క్రైస్తవుల అభ్యంతరం ఇంతకన్నా బరువైనది. 1842లో మిషనరీ హేయర్ దొర గుంటూరులో అడుగుపెట్టినప్పటి నుంచి లూథరన్లు, 1878లో గుండ్లకమ్మ ఒడ్డున ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం పొందిన నాటి నుంచి మరింతగా బాప్టిస్టులు ఈ సీమ అంతటా ఉన్నారు. యేసు రక్తానికి జయం పలికే రాతలు ఆటోల వెనకా గోడల మీదా కనపడేది ఎక్కువగా వాళ్ల వల్లనే. బలి ఒక్కసారే జరిగింది, రోజూ బలిపీఠమెందుకు, అప్పానికి మోకరించడమెందుకు అని వాళ్లు అడుగుతారు. బావి తవ్వడం ఒక్కసారే, నీళ్లు తోడుకోవడం రోజూ అని నా జవాబు. 1562లో త్రెంతు సభ చెప్పిందీ అదే: సిలువ మీది బలీ పూజలోని బలీ ఒకటే, అర్పించే తీరు మాత్రం వేరు. మోకరింపు సంగతికి వస్తే, అప్పం తన శరీరమని ప్రభువు చెప్పిన మాటను లూథర్ 1529లో మార్‌బుర్గ్‌లో సుద్దముక్కతో బల్ల మీద రాసుకుని, అక్కడి నుంచి ఒక్క అంగుళం కదలలేదు. ఆ మాట నిజమని నమ్మినవాడు మోకరించడంలో తర్కం తప్పలేదు. రంగు, రుచి, వాసన మారతాయని శ్రీసభ ఎన్నడూ చెప్పలేదు గనక ప్రయోగశాలలో పరీక్షించి కాదనగలిగింది కూడా ఏమీ లేదు.

రక్తాన్ని పూజించడమేమిటన్న జంకు కొందరికి ఉంటుంది. ఈ ఊళ్లకు ఆ భాష కొత్త కాదు. పోలేరమ్మ కొలుపుల్లో దున్నపోతు రక్తం కలిపిన అన్నాన్ని పొలిగా పొలిమేర చుట్టూ చల్లేవారు, రోగం ఊళ్లోకి రాకూడదని. ఐగుప్తులో ఇశ్రాయేలీయులు గుమ్మాలకు పూసిన గొర్రెపిల్ల రక్తం వెనకా అలాంటి భయమే, అలాంటి నమ్మకమే ఉన్నాయి. ఆ భయాన్ని నేను చిన్నచూపు చూడను. కానీ పొలి రక్తం ఊరికి గీత గీస్తుంది, లోపలివాళ్లెవరో బయటివాళ్లెవరో చెబుతుంది. పాత్రలోని రక్తాన్ని గీతగా గీయడానికి వీల్లేదు. దాన్ని తాగాలి, పక్కవాడితో పంచుకోవాలి.

ఈ సీమలో గీత ఎక్కడుందో అందరికీ తెలుసు. టీ కొట్టులో దళితులకు ఒకటి, మిగతావాళ్లకు ఒకటి, రెండు గ్లాసులుండేవి. 1985 జులైలో కారంచేడులో మాదిగపల్లె వాళ్లు తాగే చెరువు నీళ్లను మురికి చేయడం దగ్గర తగాదా మొదలైంది. జులై 17న ఆరుగురు మాదిగలను చంపారు. చనిపోయినవాళ్లలో బైబిలు పేర్లు పెట్టుకున్నవాళ్లున్నారు. పాత అలవాటు ప్రకారం జులై అమూల్య రక్తానికి అంకితమైన నెల. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులు హతులయ్యారు. మరి కతోలిక గుడిలో గీత లేదా? ఉంది. ఒకే బలిపీఠం నుంచి సత్ప్రసాదం తీసుకున్నవాళ్లే బయటికొచ్చి పెళ్లిళ్లలోనూ సమాధుల తోటల్లోనూ కులం పాటించిన చరిత్రను దాచడం అబద్ధమవుతుంది. భక్తి దండగ అనడానికి కొందరికి ఇదే రుజువు. నాకు మాత్రం ఇది ఆ భక్తి చేస్తున్న నేరారోపణగా కనపడుతుంది. కొరింథులో కలిగినవాళ్లు తిని తాగుతుంటే లేనివాళ్లు ఆకలితో మిగిలిపోయారని విన్నప్పుడు, పౌలు విందును రద్దు చేయలేదు. అలా తినేవాళ్లు ప్రభువు శరీర రక్తాలకు అపరాధులని హెచ్చరించాడు. కొలత గట్టిది కాబట్టే తప్పు బయటపడుతుంది.

అందుకే పాత్ర జనం చేతికి రావడం ముఖ్యమని అంటున్నాను. 1415లో కాన్‌స్టన్స్ సభ సామాన్య విశ్వాసులకు పాత్రను ఆపింది. అప్పంలోనే క్రీస్తు సంపూర్ణంగా ఉన్నాడన్న బోధ సరైనదే, దాన్ని నేను తోసిపుచ్చను. అయితే సంపూర్ణత వేరు, గుర్తు కంటికి కనపడడం వేరు. 1963లో రెండో వాటికన్ సభ కొన్ని సందర్భాలకు ఆ తలుపు తిరిగి తెరిచింది. జనం ఎక్కువ, ఒలుకుతుందేమో, అంటురోగాలు అంటారు. అప్పాన్ని రసంలో అద్ది నాలుక మీద పెట్టే పద్ధతి ఉంది. సారా వల్ల ఇళ్లు గుల్లయిన తల్లుల భయం ఇంకా గౌరవించదగ్గది. అలాంటివాళ్లు అప్పం మాత్రమే తీసుకున్నా లోటేమీ లేదు. మిగతా పండుగల సంగతి అలా ఉంచి, పవిత్ర గురువారం సాయంత్రం, క్రీస్తు శరీర రక్తముల మహోత్సవం నాడు ప్రతి విచారణలోనూ, అంటే ప్రతి పారిష్‌లోనూ, పాత్ర జనంలోకి రావాలి. అందించే మనిషి అంచును గుడ్డతో తుడిచి, పాత్రను కొద్దిగా తిప్పి, వరసలో తర్వాతి మనిషికి ఇస్తాడు. ఆ మనిషిది ఏ పేటో అడగడు.