బూడిద కింద పదును

నల్లటి నేలలో వేల గుంటలు. ఒక్కో గుంట అడుగున ఒక్కో పచ్చటి చుక్క. అది ద్రాక్షతోట అని ఎవరో ఒకరు చెబితే తప్ప తెలియదు. పందిరి లేదు, రాతి స్తంభాలు లేవు, దున్నిన చాళ్లు లేవు. ఆఫ్రికా పశ్చిమ తీరానికి చేరువలో, స్పెయిన్ ఏలుబడిలో ఉన్న కెనరీ దీవుల్లో లాన్సరోతే ఒకటి. ఆ దీవిలోని లా హేరియా లోయ ఇది. ఏడాదికి 150 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. కరువుకు పేరుపడ్డ మన అనంతపురంలో కూడా 550 దాకా కురుస్తుంది.

1730 సెప్టెంబరు 1న అక్కడ నేల బద్దలైంది. 1736 దాకా, ఆరేళ్లపాటు అగ్నిపర్వతాలు కక్కుతూనే ఉన్నాయి. దీవిలో దాదాపు నాలుగో వంతు లావా కింద, బూడిద కింద పోయింది. అందులో ధాన్యం పండే మంచి భూములూ ఉన్నాయి. ఊళ్లు వదిలి వెళ్లినవాళ్లు వెళ్లారు. మిగిలినవాళ్లు ఒక విషయం కనిపెట్టారు: బూడిద పలచగా పడ్డచోట పైరు మునుపటికన్నా బాగుంది. మందంగా పడ్డచోట సంగతేమిటి? పాత మట్టి తగిలేదాకా తవ్వడమే.

బూడిద అన్నాను గానీ, పొయ్యిలో బూడిదలాంటిది కాదు. ఆవగింజ మొదలు శనగగింజ దాకా ఉండే గరుకు పలుకులు, లోపలంతా గుల్ల. అక్కడివాళ్లు పికోన్ అంటారు. అది ఎంత వాలులో జారకుండా నిలుస్తుందో అంత వాలుగానే తవ్వాలి. అంతకన్నా నిటారుగా తవ్వితే పొద్దుటికి గుంట పూడిపోతుంది. అందుకే రెండు మూడు మీటర్ల లోతు కావాలంటే పైన మూతి అంతకు రెట్టింపు పైగా విప్పాలి. అంత చోటు తిన్నాక హెక్టారుకు మూడు నాలుగు వందల మొక్కలకు మించి పట్టవు. ఫ్రాన్సులోని బర్గండీలో అదే హెక్టారులో 10,000 దాకా నాటుతారు. గుంట అడుగున పాత మట్టిలో మొక్క నాటి, మళ్లీ పైన పికోన్ పరుస్తారు. మనం చెట్టుకు పాదు చేసేది పోసిన నీళ్లు నిలవడానికి. ఈ పాదుకు నీళ్లు పోసేవాడే లేడు.

గుంట అంచున, ఈశాన్యపు గాలి వచ్చే వైపు, నెలవంక ఆకారంలో మోకాలెత్తు గోడ ఉంటుంది. పేరు సోకో. లావా రాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చడమే, సున్నం గానీ అడుసు గానీ లేదు. సందులున్నాయి కదా అని చేతకాని పని అనుకునేరు. గోడ పూర్తిగా మూసుకుపోతే గాలి దాన్ని ఎక్కి, అవతల సుడి తిరిగి, తీగను మరింత కొడుతుంది. సందుల్లోంచి కొంత జారనిస్తే మెత్తబడుతుంది. ఈ ఒక్క వివరం చాలు, వాళ్ల చేతులకు దండం పెట్టడానికి.

ఇంతకీ ఈ నల్ల కప్పు మట్టికి చేస్తున్నదేమిటి? దీపపు వత్తిలో నూనెలాగా, నేలలో నీరు సన్నటి సందుల వెంట పైకి పాకుతుంది. పైన ఎండ లాగుతుంటే కింద నుంచి ఎగబాకుతూనే ఉంటుంది. పికోన్ పలుకుల మధ్య సందులు పెద్దవి కాబట్టి వత్తి అక్కడికి వచ్చి తెగిపోతుంది. వాన వెలిశాక మన మెట్టరైతు గుంటక తోలేదీ ఈ వత్తిని తెంపడానికే. తేడా ఏమిటంటే, ఆయన ప్రతి వానకూ తోలాలి. వీళ్ల మూత ఏళ్ల తరబడి ఉంటుంది. పడ్డ చినుకు పారకుండా అక్కడే ఇంకుతుంది, పదును నెలల తరబడి ఆరదు. రాత్రి మంచును పికోన్ పీల్చి వేళ్లకు అందిస్తుందని పర్యాటకులకు చెప్పే కథ ఒకటుంది. అందమైన కథే. నాకు మాత్రం మంచు కన్నా మూతే పెద్ద పని చేస్తున్నదనిపిస్తుంది.

మూత వల్ల ఇంకో మేలు ఉంది. ఇంత ఎండ దేశంలో నీరు పైకొచ్చి ఆవిరైతే ఉప్పు మిగిలి, నేల చౌడు బారుతుంది. పైకి రావడం ఆగితే, వానే ఉప్పును కిందికి కడిగేస్తుంది. కెనరీల్లోనే మరో దీవి తెనెరీఫేలోని లా లగునా విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు ఈ కప్పు కింది మట్టినీ, కప్పు లేని మట్టినీ పోల్చి చూశారు. కప్పిన చోట తేమ ఎక్కువ, ఉప్పూ సోడియమూ తక్కువ.

అయితే మూత నీటిని కాస్తుంది గానీ సారాన్ని పుట్టించదు. ఆకు రాలి కుళ్లే తోట కాదది. పశువుల ఎరువు మనిషే మోసుకెళ్లి వెయ్యాలి. గుంటల మధ్య ట్రాక్టరు తిరగదు. పూర్వం ఒంటెల మీద మోసేవాళ్లు. ఎరువు వేసే రోజు చూడాలి పనితనం. ముందు మొక్క చుట్టూ పికోన్‌ను పక్కకు తీసి, ఎరువును పాత మట్టికి తగిలేలా వేసి, మళ్లీ కప్పుతారు. పారకు అంటిన మట్టి పికోన్‌లో కలవకూడదు. కలిస్తే సందులు మూసుకుపోయి, తెగిన వత్తి మళ్లీ అతుక్కుంటుంది. ఎంత జాగ్రత్తగా ఉన్నా గాలి దుమ్ము తెచ్చి పోస్తుంది, గుంట పక్కలు జారుతుంటాయి. జారినదాన్ని ఎప్పటికప్పుడు పైకి ఎత్తిపోస్తారు. పలుకుల్లో మట్టి బాగా చేరిపోయిందనిపించిన నాడు ఆ పొరంతా తీసి, కొత్త పికోన్ తెచ్చి పరుస్తారు.