పిఠాపురం తీర్పులు: ఆస్తి హక్కును న్యాయస్థానం మలచిన తీరు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు మొదటి, రెండవ పిఠాపురం కేసుల్లో వెలువడ్డ సూత్రాలను వివరించగలుగుతారు. వాటి తర్కంలోని బలాన్ని, లోపాన్ని వేరుచేసి చూడగలుగుతారు. తీర్పుకూ శాసనానికీ మధ్య ఉన్న సంబంధాన్ని ఒక ఉదాహరణతో చెప్పగలుగుతారు.

1. ప్రవేశిక

పిఠాపురం మహారాజా సూర్యారావు బహద్దూర్ పేరు వినగానే మీలో చాలామందికి సూర్యరాయాంధ్ర నిఘంటువు గుర్తుకు వస్తుంది. అదే పేరు హిందూ న్యాయశాస్త్ర గ్రంథాల్లో మరో సందర్భంలో కనిపిస్తుంది. అప్పటి గోదావరి జిల్లాలోని పిఠాపురం జమీందారీ మీద నడిచిన రెండు వ్యాజ్యాలు లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్ళాయి. 1899లో, 1918లో వెలువడ్డ ఆ తీర్పులు దేశమంతటా అవిభాజ్య ఎస్టేట్లకు వర్తించే సూత్రాలుగా నిలిచాయి. చట్టసభ ఒక్క అక్షరం రాయకముందే తీర్పు ఆస్తి హక్కును ఎలా మార్చగలదో తెలుసుకోవడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ గోదావరి ప్రాంత విద్యార్థికి దొరకదు. అయితే తీర్పును తెలుసుకోవడం వేరు, దాన్ని తూచి చూడడం వేరు. ఇక్కడ మనం రెండో పని చేద్దాం.

2. రెండు తీర్పులు

మితాక్షర న్యాయం ప్రకారం ఉమ్మడి కుటుంబంలో పుట్టిన కొడుక్కి పుట్టుకతోనే పిత్రార్జితంలో హక్కు వస్తుంది. అందుకే తండ్రి ఆ ఆస్తిని ఇష్టం వచ్చినట్లు అన్యాక్రాంతం చేయడానికి వీలులేదు. అవిభాజ్య జమీందారీ దీనికి భిన్నమైనది. ఆచారాన్ని బట్టి అది పంపకానికి లోబడదు. ఒక్కరికే, సాధారణంగా జ్యేష్ఠుడికే, సంక్రమిస్తుంది. మరి మిగిలిన కుటుంబ సభ్యులకు అందులో హక్కు ఉన్నట్టా, లేనట్టా?

1888లో ఉత్తరాది నుంచి వచ్చిన సర్తాజ్ కువారి కేసులో ప్రీవీ కౌన్సిల్ ఈ ప్రశ్నకు జవాబు చెప్పింది. పంపకం కోరే హక్కు లేనిచోట పుట్టుకతో వచ్చే హక్కు కూడా లేదని, కాబట్టి విరుద్ధమైన ఆచారం రుజువు కాకపోతే జమీందారు ఇచ్చిన దానం చెల్లుతుందని నిర్ణయించింది.

పిఠాపురం రాజా గంగాధర రామారావు 1890లో మరణించారు. ఆయన జమీందారీని బాలుడైన సూర్యారావుకు వీలునామా ద్వారా రాశారు. అంతకుముందే దత్తత తీసుకున్న కుమారుడు ఆ వీలునామా చెల్లదని వాదించాడు. మైనరు తరఫున కోర్ట్ ఆఫ్ వార్డ్స్ ప్రతివాదిగా నిలిచింది. దానంగా ఇవ్వగలిగిన ఆస్తిని వీలునామా ద్వారా కూడా ఇవ్వవచ్చునని 1899లో ప్రీవీ కౌన్సిల్ తేల్చింది. ఇది మొదటి పిఠాపురం కేసు.

ఆ దత్తపుత్రుడి కుమారుడు తరవాత జమీందారీ నుంచి మనోవర్తి కోరుతూ దావా వేశాడు. 1918లో లార్డ్ డునెడిన్ వెలువరించిన తీర్పు ఆ కోరికను నిరాకరించింది. అవిభాజ్య ఎస్టేటులో సహదాయాదిత్వం లేదు. సహదాయాదిత్వం మీద ఆధారపడిన మనోవర్తి హక్కు కూడా దానితోపాటే లేకుండా పోతుంది. జమీందారు కొడుకుల మనోవర్తిని ఆచారంగా గుర్తించవచ్చు. మనుమడు మాత్రం అలాంటి ఆచారం ఉందని రుజువు చేసుకోవాలి. ఇది రెండవ పిఠాపురం కేసు.

3. తర్కంలోని బలం

ముందుగా ఈ తీర్పుల పక్షాన చెప్పదగినదాన్ని చెప్పుకోవాలి. న్యాయస్థానం ఒక సూత్రాన్ని 1888లో అంగీకరించి, 1899లో దాన్ని వదిలేస్తే ప్రజలకు దేని మీదా భరోసా ఉండదు. జమీందారీ గ్రామాన్ని కొన్నవాడికి, దాని మీద అప్పిచ్చినవాడికి యజమాని ఎవరో స్పష్టంగా తెలియాలి. హక్కుదారు ఒక్కడే అన్నప్పుడు ఆ స్పష్టత వస్తుంది. పూర్వ నిర్ణయాలను అనుసరించడంలోని మేలు ఇదే.

4. తర్కంలోని లోపం

అయినా మూడు అభ్యంతరాలు మిగులుతాయి.

మొదటిది, ఆచారం ఉద్దేశానికి సంబంధించినది. ఎస్టేటును పంచకూడదన్న ఆచారం ఎందుకు పుట్టింది? వంశం చేతిలో అది చెక్కుచెదరకుండా ఉండాలని. కుటుంబం కోసం ఏర్పడ్డ ఆ కట్టుబాటును ఆధారం చేసుకునే, ఒక్క వ్యక్తి దాన్ని కుటుంబం దాటించి ఎవరికైనా ఇచ్చేయవచ్చునని తీర్పు చెప్పింది. పంపకం కోరలేకపోవడం ఒక పరిమితి మాత్రమే. దాని నుంచి ఏ హక్కూ లేదన్న నిర్ణయానికి రావడం చాలా దూరం వెళ్ళడమే.

రెండవది, దానాన్నీ వీలునామానూ ఒకే గాటన కట్టడం. దానం దాత బతికి ఉండగా అమలవుతుంది. వీలునామా అతని మరణానంతరం అమలవుతుంది. 1956కు ముందు సాధారణ ఉమ్మడి కుటుంబంలో మరణించిన క్షణాన ఉత్తరజీవిత్వ హక్కు ముందు నిలిచేది కనుక వీలునామాకు చోటుండేది కాదు. 1921లో బైజనాథ్ ప్రసాద్ సింగ్ కేసులో ప్రీవీ కౌన్సిలే అవిభాజ్య ఎస్టేటు విషయంలోనూ వారసుణ్ణి ఉత్తరజీవిత్వం ద్వారానే నిర్ణయించాలని చెప్పింది. 1932లో శివప్రసాద్ సింగ్ కేసులో సర్ దిన్షా ముల్లా ఈ మొత్తాన్ని క్రోడీకరిస్తూ, ఉమ్మడి ఆస్తి లక్షణాల్లో మిగిలింది ఉత్తరజీవిత్వం ఒక్కటేనన్నారు. వారసత్వానికి ఉమ్మడి ఆస్తి, అన్యాక్రాంతానికి సొంత ఆస్తి! ఈ పొసగని కలయికకు మూలం 1888, 1899 తీర్పుల్లోనే ఉంది.

మూడవది, రుజువు భారం. ఉమ్మడి కుటుంబంలో చిన్నవాడికి వాటా వస్తుంది. అవిభాజ్య ఎస్టేటులో వాటా పోయినందుకు బదులుగా మనోవర్తి అన్న భావన ఉండేది. 1918 తీర్పు తరవాత మనుమడికి వాటా లేదు. ఆచారాన్ని రుజువు చేస్తే తప్ప మనోవర్తీ లేదు. ఆ రుజువుకు కావలసిన లెక్కలు, దస్తావేజులు ఎక్కడ ఉంటాయి? దివాణంలోనే. దావా ఎవరి మీద వేశారో వారి చేతిలోనే సాక్ష్యం ఉన్నప్పుడు, రుజువు భారం ఎవరిదన్న ప్రశ్నకు చెప్పే జవాబే చాలాసార్లు ఫలితాన్ని నిర్ణయిస్తుంది.

5. ఒప్పంద చట్టంతో ఒక పోలిక

ఇదే కాలంలో మద్రాసు హైకోర్టు నిర్ణయించిన చిన్నయ్య–రామయ్య కేసును గుర్తుచేసుకోండి. ఒక వృద్ధురాలు తన భూమిని కూతురికి దానం చేస్తూ, తన తోబుట్టువులకు ఏటా కొంత సొమ్ము చెల్లించాలని షరతు పెట్టింది. కూతురు వారికి ఆ మేరకు పత్రం రాసిచ్చి, తరవాత వారి నుంచి తనకు ప్రతిఫలం ముట్టలేదని ఎగ్గొట్టబోయింది. 1872 ఒప్పందాల చట్టం 2(డి) సెక్షన్ ప్రకారం ప్రతిఫలం వాగ్దానం పొందినవారి నుంచే రానక్కరలేదు, మరొకరి నుంచి వచ్చినా చాలునని కోర్టు వారికి న్యాయం చేసింది.

రెండు చోట్లా కుటుంబ ఆస్తి మీద ఆధారపడి బతకవలసినవారే కోర్టుకు వచ్చారు. ఒక చోట చేతిలో రాతపూర్వకమైన వాగ్దానం, దానికి అండగా విశాలమైన మాటలున్న శాసనం ఉన్నాయి. మరో చోట ఉన్నవి బంధుత్వం, ఆచారం. న్యాయమూర్తుల దయాగుణంలో తేడా వల్ల ఫలితం మారిందనుకోవద్దు. వారి చేతికి అందిన ఆధారం వేరు.

6. శాసనసభ ఇచ్చిన జవాబు

తీర్పుల పర్యవసానాన్ని మద్రాసు ప్రభుత్వం త్వరగానే గుర్తించింది. 1904 మద్రాసు అవిభాజ్య ఎస్టేట్ల చట్టం, తన పరిధిలోని జమీందారు కుటుంబ అవసరం లేకుండా తన జీవితకాలానికి మించి ఎస్టేటును అన్యాక్రాంతం చేయకుండా కట్టడి చేసింది. మనోవర్తికి అర్హులెవరో 1934 సవరణ పేర్కొంది. 1948 చట్టం జమీందారీలనే రద్దు చేసింది. 1956 హిందూ వారసత్వ చట్టం 4వ సెక్షన్, పాత ఆచారాల స్థానంలో శాసనాన్ని నిలబెట్టింది. కోర్టు తెరిచిన దారిని శాసనం అంచెలంచెలుగా మూసిందన్నమాట. కానీ శాసనం వచ్చేలోగా ఓడినవారికి ఆ జవాబు వల్ల ఒరిగిందేమీ లేదు.

7. సారాంశం

తీర్పు చదివేటప్పుడు గెలిచిందెవరన్న దగ్గర ఆగిపోకండి. ఏ పాత సూత్రాన్ని ఎంత దూరం పొడిగించారు? రుజువు భారం ఎవరి మీద పడింది? ఆ సూత్రాన్ని తరవాత ఎవరు, ఎలా సరిదిద్దారు? ఈ మూడూ అడగండి. మీ ఇంట్లోని వీలునామాకూ, పంపకాల కాగితానికీ ఇవే ప్రశ్నలు వర్తిస్తాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. దానానికి వర్తించే సూత్రం వీలునామాకు కూడా వర్తించాలా? మొదటి పిఠాపురం కేసు ఆధారంగా చర్చించండి.
2. రెండవ పిఠాపురం కేసులో కొడుకుకూ మనుమడికీ మధ్య చేసిన తేడా సమంజసమేనా? మీ అభిప్రాయాన్ని కారణాలతో రాయండి.