సైకిలు: మన కవితల్లో, మన రోడ్లమీద

ఐక్యరాజ్యసమితి 2018లో జూన్ 3వ తేదీని ప్రపంచ సైకిలు దినంగా ప్రకటించింది. ఆ సందర్భంగా హనుమకొండలో జరిగిన ఒక కవిసమ్మేళనానికి వెళ్లాను. పదిహేనుమంది దాకా చదివారు. చాలామందికి సైకిలు బాల్యస్మృతి: గంటకింతని అద్దె సైకిలు, బారు కింద నుంచి కాలు దూర్చి తొక్కడం, మోకాలిమీద మచ్చ. మిగిలినవారికి అది ఆరోగ్యం, పర్యావరణం. సైకిలుమీద పనికి పోయే మనిషి ఒక్క కవితలోనూ కనిపించలేదు.

ఇది శిల్పలోపం కాదు, దృక్పథలోపం. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో నూటికి సుమారు 45 కుటుంబాలకు సైకిలు ఉంది. మోటారు ద్విచక్రవాహనం ఉన్నవి 21. ఆ తర్వాత మోటారు బండ్లు బాగా పెరిగిన మాట నిజమే. కాని సైకిలు స్మృతిగా మారింది ఎవరికి? దాన్ని వదిలి స్కూటరు ఎక్కిన మనకు. మన వర్గ జ్ఞాపకాన్ని జాతి జ్ఞాపకంగా చలామణి చేయడం మధ్యతరగతి సాహిత్యానికి పాత అలవాటే.

నేనూ ఆ వర్గంవాణ్ణే. పదేళ్లకు పైగా సైకిలుమీద బడికి వెళ్లి, తర్వాత స్కూటరు కొన్నాను. వరంగల్, హనుమకొండ, కాజీపేట కలిసిన మా త్రినగరి సైకిలుకు సరిపోయే ఊరు. హనుమకొండ చౌరస్తా నుంచి కాజీపేట ఆరేడు కిలోమీటర్లు. కాని రోడ్లు వెడల్పయ్యాయి, మధ్యలో డివైడర్లు లేచాయి. అవతలి పక్కకు పోవాలంటే ఎక్కడో ఉన్న మలుపు దాకా పోయి తిరిగి రావాలి. మోటారు బండికి అది చుక్క పెట్రోలు. సైకిలుకు మోకాళ్ల సత్తువ. అందుకే పాలు పోసే మనిషి, మేస్త్రి ఎదురు దారిన వస్తారు, తిట్లు తింటారు. కాజీపేట రైల్వే వంతెన దగ్గర దిగి సైకిలు నెట్టుకుపోయే మనిషి వెనక హారన్లు మోగుతాయి. 2023లో హైదరాబాదు బాహ్యవలయ రహదారి పక్కన సౌరఫలకాల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు దారి వేశారు. నీడ మంచిదే. కాని అది ప్రధానంగా వ్యాయామానికి వచ్చేవారి దారి. పనికి పోయేవాడికి కావలసింది బజారు మధ్యలో నాలుగడుగుల జాగా.

ఈ విషయంలో మన రచయితలు మళ్లీ మళ్లీ చూడవలసిన చిత్రం విట్టోరియో డిసీకా 1948లో తీసిన 'సైకిలు దొంగలు'. రోములో ఆంటోనియోకు గోడలమీద పోస్టర్లు అంటించే పని దొరుకుతుంది. సైకిలు ఉంటేనే పని. అదేమో తాకట్టులో ఉంది. భార్య మరియా పక్కమీది దుప్పట్లు తీసి తాకట్టు పెడుతుంది. ఆ దుకాణంలో మూటలు కప్పు దాకా పేర్చి ఉంటాయి. ఎన్ని ఇళ్ల పక్కలు ఖాళీ అయ్యాయో చెప్పడానికి డిసీకాకు ఒక్క మాట అవసరం కాలేదు. మొదటి రోజే సైకిలు పోతుంది. చివరకు ఆంటోనియో తానే ఒక సైకిలు దొంగిలించబోయి, కొడుకు బ్రూనో కళ్లముందే పట్టుబడతాడు. ఇటాలియన్ పేరులో 'దొంగలు' అని బహువచనం ఉంది. అమెరికాలో దాన్ని ఏకవచనం చేసి విడుదల చేశారు. దానితో చిత్రం ఒక దొంగ కథగా కుంచించుకుపోయింది. దొంగను తయారుచేసే వ్యవస్థ ఆ బహువచనంలోనే ఉంది.

ఆ చిత్రం గురించి ఒక ఆదివారం యువకులకు గంటసేపు ఉపన్యసించాను. మూడు రోజుల తర్వాత మా తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు ఆ వారంలో రెండోసారి ఆలస్యంగా వచ్చాడు. గుమ్మం బయట నిలబెట్టాను. పీరియడు అయ్యాక కారణం అడిగాను.

"మా నాయిన డ్యూటీ దిగలె సార్. సైకిలు ఆయిన తాన్నే ఉన్నది" అన్నాడు.

తండ్రి ఒక అపార్టుమెంటులో రాత్రి వాచ్‌మన్. పగటి మనిషి వస్తేగాని కదలడానికి లేదు. ఆయన ఇల్లు చేరితే అదే సైకిలుమీద కొడుకు నాలుగు కిలోమీటర్లు తొక్కి బడికి రావాలి. ఇంట్లో ఉన్నది ఆ ఒక్క సైకిలే. రోములో బ్రూనోను చూసి కళ్లు తుడుచుకున్నవాణ్ణి, నా గుమ్మంలో నిలబడ్డ బ్రూనోను గుర్తుపట్టలేకపోయాను. కవిసమ్మేళనంలో కవులమీద నాకు వచ్చిన కోపంలో సగం నామీద కోపమే.

అయితే లేమిని చూపడమే సరిపోతుందా? డిసీకా చిత్రంలో ఆంటోనియో ఒంటరి. 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం స్త్రీలకు సైకిలు నేర్పడాన్ని తన పనిలో భాగం చేసుకుంది. లక్షకు పైగా గ్రామీణ స్త్రీలు నేర్చుకున్నారు. పి. సాయినాథ్ 1996లో వచ్చిన తన పుస్తకంలో దీన్ని రాశారు. బస్సు కోసం, తండ్రి కోసం, భర్త కోసం ఎదురుచూడటం తగ్గింది. ఆడవాళ్ల సైకిళ్లు దొరకకపోతే మగవాళ్ల సైకిళ్లే తొక్కారు. ముందు బారుమీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చు కదా అన్నారు. అక్కడ సైకిలు దైన్యానికి చిహ్నం కాదు, వ్యాయామ సాధనం కాదు. స్త్రీల చేతికి వచ్చిన కాలం, దూరం. అదే కాలంలో, 1992లో, నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దిన స్త్రీలే సారా దుకాణాలమీద తిరగబడ్డారు. ఆ పోరాటంమీద మనం కథలు, పాటలు రాశాం. పుదుక్కోట్టై సైకిలు మనకు పరాయి రాష్ట్రపు వార్తగానే మిగిలిపోయింది.

ఇప్పుడు ఆ పిల్లవాణ్ణి ఆలస్యానికి నిలబెట్టడం లేదు. అంతమాత్రాన సమస్య తీరిందని అనను. పగటి వాచ్‌మన్ ఇంకా ఆలస్యంగానే వస్తున్నాడు. కవిమిత్రులను కోరేది ఒక్కటే. ఏదో ఒక ఉదయం ఎనిమిది గంటలకు నక్కలగుట్ట దగ్గర ఒక పావుగంట నిలబడండి. సైకిలుమీద ఎవరు, ఏమి మోసుకుని, ఎంత దూరం, ఎంత కూలికి పోతున్నారో ఆపి అడగండి. కవిత ఆ తర్వాత రాయండి.