ఒగ్గు డోలు పక్కన ర్యాప్ మైకు

2025 మార్చిలో హనుమాన్‌కైండ్ ‘రన్ ఇట్ అప్’ విడుదలైనప్పుడు మొదట చెవిలో పడింది అతని గొంతు కాదు, కేరళ చెండ మోత. అంతకు ముందు ఏడాది జులైలో వచ్చిన ‘బిగ్ డాగ్స్’ అమెరికా బిల్‌బోర్డ్ హాట్ 100 జాబితాలోకి ఎక్కి ఈ మలయాళీ ర్యాపర్‌ని ప్రపంచానికి పరిచయం చేసింది. ఆ పాటలో మన దేశం కంటికి మాత్రమే కనబడుతుంది: తిరునాళ్లలో మోటారు సైకిళ్లు గోడల మీద తిరిగే మృత్యుకూపం. ‘రన్ ఇట్ అప్’ వచ్చేసరికి దేశం చెవికి కూడా వినబడింది. గొంతు ఆగిన చోట చెండ జవాబిస్తుంది, చెండ విడిచిన చోట గొంతు అందుకుంటుంది. ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలోని కోచెల్లా ఉత్సవానికి కూడా అతను చెండ బృందాన్ని వెంటబెట్టుకుని వెళ్లాడు.

ఈ రెండు పాటలకూ బీటు కట్టిన కల్మి హైదరాబాదువాడు. అందుకే తెలుగు హిప్ హాప్ అభిమానికి సంతోషంతో పాటు ఒక ప్రశ్న కూడా మిగిలింది. ర్యాప్ నడుమ చెండను నిలబెట్టిన తెలుగు చెయ్యి ఉన్నప్పుడు, మన ఒగ్గు డోలు వంతు ఎప్పుడు?

ప్రాంతాభిమానం ఒక్కటే ఈ ప్రశ్న వేయించడం లేదు. ర్యాప్‌కు కావలసిన పనిముట్లు దాదాపు అన్నీ ఒగ్గుకథలో ఉన్నాయి. జనగామ జిల్లా మాణిక్యాపురానికి చెందిన చుక్క సత్తయ్య వాటిని దశాబ్దాల పాటు వాడి చూపించాడు. 2004లో సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకున్న ఆయన 2017 నవంబరులో కన్నుమూశాడు. మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలు చెప్పే ఒగ్గు పూజారుల విద్యను గుడి ముంగిట్లోంచి రాష్ట్రం దాటిన వేదికల దాకా తీసుకెళ్లినవాళ్లలో ఆయనదీ, సిరిసిల్ల వైపు మిద్దె రాములుదీ ముందు వరస.

ఒగ్గు బృందాన్ని హిప్ హాప్ చెవితో విని చూడాలి. ప్రధాన కథకుడు పాటతో ఎత్తుకుంటాడు. రెండు చరణాలు కాగానే పాట వచనమైపోతుంది, కానీ దరువు ఆగదు. మాట ఆ దరువు మీదే నడుస్తూ వేగం పెంచుకుంటూ పోయి, ఊపిరి చాలని అంచుకు చేరగానే పక్కనున్న సహాయ కథకుడు కొస అందుకుంటాడు. కథకుడు మళ్లీ గుండె నిండా గాలి పీల్చుకునేది ఆ సందులోనే. ర్యాపర్ పక్కన నిలబడి పాదం చివరి మాటను రెట్టించేవాడు చేసే పని సరిగ్గా ఇదే. అదే కథకుడు తలమీద కొంగు కప్పుకుంటే ఎల్లమ్మ, కొంగు తీస్తే మళ్లీ కథ చెప్పేవాడు. ఒకే గొంతుతో ఇద్దరు ముగ్గురు మనుషుల్ని పలికించే ఈ నేర్పును ర్యాప్‌లో ఎంతో గొప్పగా చెప్పుకుంటారు. జనగామ వైపు పొద్దుగూకి మొదలైన కథలో పల్లె జనం దాన్ని ఎన్నో తరాలుగా వింటూనే ఉన్నారు.

ఇక డోలు. కథ ఒక మలుపు దగ్గర ఆగగానే డోళ్లవాళ్లు, తాళాలవాళ్లు ముందుకొస్తారు. నడుముకు డోలు, కాళ్లకు గజ్జెలు. వరసలు మారుతూ, గుండ్రంగా తిరుగుతూ, ఒకరి భుజాల మీద ఒకరు నిలబడి కూడా వాయిస్తారు. ఆ కొద్దిసేపూ కథ లేదు, మాట లేదు, దరువే రాజు.

1973 ఆగస్టు 11న న్యూయార్క్ బ్రాంక్స్‌లో ఒక అపార్టుమెంటులో జరిగిన పార్టీని హిప్ హాప్ పుట్టిన రోజుగా చెప్పుకుంటారు. ఆ రాత్రి డీజే కూల్ హెర్క్ కనిపెట్టింది కూడా దరువు మహత్యమే. పాటలో గొంతులు తప్పుకుని డ్రమ్ములు మాత్రమే మిగిలే చిన్న ముక్క రాగానే జనం ఊగిపోతున్నారని గమనించి, ఒకే రికార్డు రెండు ప్రతులను రెండు టర్న్‌టేబుళ్ల మీద పెట్టి ఆ ముక్కనే మళ్లీ మళ్లీ తిప్పాడు. ఆ సాగదీసిన దరువు మీదే తర్వాత మాటలు మొలిచాయి. ఒగ్గులో ఆ పని చేసే యంత్రం లేదు, మనుషులే చేస్తారు. జనం ఊపు చూసి దరువును ఎంతసేపు పొడిగించాలో అక్కడికక్కడే తేల్చుకుంటారు.

దరువు తర్వాత చూడవలసింది ప్రాస. తెలుగు ర్యాప్ ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఇంగ్లీషు ర్యాప్ ప్రధానంగా పాదం చివర ప్రాస కడుతుంది. మన కుర్రాళ్లు దాన్నే తెచ్చుకున్నారు. కానీ తెలుగు వాక్యం సాధారణంగా క్రియతో ముగుస్తుంది. ‘ఉన్నాడు, విన్నాడు, అన్నాడు’ అని వరసగా పడితే అంత్యప్రాస దానంతటదే కుదిరిపోతుంది. కష్టపడకుండా వచ్చిన ప్రాసకు చెవి ఉలిక్కిపడదు. నాలుగు పాదాలు దాటేసరికి వినేవాడు తర్వాతి మాటను ముందే ఊహించేస్తాడు.

మన పద్యం ఈ చిక్కును ఎప్పుడో గుర్తించి ప్రాసను పాదం ముందుకు తెచ్చింది. జనగామ జిల్లా పాలకుర్తి పేరుతోనే నిలిచిన పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దంలో బసవపురాణాన్ని ద్విపదలో రాశాడు. ద్విపద పాదంలో మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. రెండు పాదాల్లో రెండో అక్షరం కలవాలి, అది ప్రాస. మూడో గణం మొదటి అక్షరం పాదం మొదటి అక్షరంతో మైత్రి కలపాలి, అది యతి. అంటే పాదం మొదలవుతూనే ఒక దెబ్బ, నడుమ ఇంకో దెబ్బ. జనం గొంతెత్తి పాడుకోవడానికి ఇంతకంటే పనికొచ్చే అమరిక దొరకదు. పండితారాధ్య చరిత్రలో తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాలు అంటూ ఆనాటి జనం పాటలను పేరుపేరునా చెప్పిన కవికి ఆ సంగతి తెలియకుండా ఉంటుందా?

ఈ అమరిక పాతబడిందనుకునేవాళ్లు ‘నాటు నాటు’ మరోసారి వినాలి. 2023లో ఆస్కార్ గెలిచిన ఆ పాట రాసిన చంద్రబోస్‌ది భూపాలపల్లి జిల్లా చిట్యాల మండలంలోని చల్లగరిగ. మొదటి చరణంలో పాదం తొలి అక్షరానికి జోడు సరిగ్గా పాదం నడుమ పడుతుంది. ఆ తర్వాత వరసగా మూడు పాదాల రెండో అక్షరం ‘ర్ర’. యతి, ప్రాస రెండూ అక్కడే ఉన్నాయి. పాదాల చివర పోలిక చెప్పే ‘నట్టు’ మళ్లీ మళ్లీ మోగి, రాబోయే పల్లవికి చెవిని ముందే సిద్ధం చేస్తుంది. తెలుగు రాని దేశాల్లోనూ జనం కాళ్లు ఆగకపోవడంలో కీరవాణి దరువుతో పాటు ఈ అక్షరాల దెబ్బలకూ వాటా ఉంది. ర్యాప్ రాయాలనుకునే కుర్రాడికి ఇంతకంటే మంచి పాఠం ఈ మధ్య తెలుగులో రాలేదు.

ఆ పాట పాడిన ఇద్దరిలో ఒకడైన రాహుల్ సిప్లిగంజ్ సినిమాలో పేరు రాకముందే ‘మంగమ్మ’, ‘గల్లీకా గణేష్’ లాంటి సొంత పాటలతో యూట్యూబ్‌లో నిలదొక్కుకున్నాడు. వాటి బలం యాస. హైదరాబాద్ గల్లీ మాటను దిద్దకుండా, ఇస్త్రీ చేయకుండా పాడాడు. రోల్ రైడా ‘పతంగ్’ కూడా అంతే, సంక్రాంతి గాలిపటాల గోలను నగరం నాలుక మీంచే తెచ్చింది. దక్కనీలో రుహాన్ అర్షద్ ‘మియా భాయ్’ దేశమంతా తిరగడానికి కారణం కూడా యాస మీద ఆ ధీమానే. చౌరస్తా బ్యాండు ‘ఊరెళ్ళిపోత మామ’లో రెగే నడకకు పల్లె మాటను జతచేసి, పాట నిదానంగా నడిచినా పట్టు సడలదని నిరూపించింది. వీళ్లందరూ భాషలో గెలిచారు. దరువు మాత్రం చాలాసార్లు బయటినుంచే వచ్చింది.

జానపద వాద్యాన్ని వాడిన పాటలు లేవని కాదు. ఎంత బరువు దాని మీద పెట్టారన్నదే చూడాలి. 2021లో వచ్చిన ‘భీమ్లా నాయక్’ టైటిల్ పాట దర్శనం మొగులయ్య కిన్నెరతో మొదలవుతుంది. ఆ కాసేపు ఒళ్లు పులకరిస్తుంది. తర్వాత సినిమా బీటు వచ్చి కిన్నెరను పక్కకు నెట్టేస్తుంది. అంత గొప్ప వాద్యాన్ని గుమ్మానికి తోరణంలా కట్టి వదిలేశారు.

అదే ‘బలగం’ చివరి ఘట్టం చూడండి. వరంగల్ జిల్లా దుగ్గొండికి చెందిన మొగిలయ్య, కొమురమ్మ దంపతులు చనిపోయిన మనిషి బతుకును అతని కుటుంబానికే పాడి వినిపిస్తారు. అక్కడ కథ మొత్తం వాళ్ల గొంతుల మీదే నిలబడింది. 2023లో ఊళ్లలో తెరలు కట్టి ఆ సినిమా చూసిన జనం ఏడ్చింది ఆ గొంతులకే. మొగిలయ్య 2024 డిసెంబరులో వెళ్లిపోయాడు. తమిళంలో 2021లో వచ్చిన ‘ఎంజాయ్ ఎంజామీ’ ఇదే పనిని ర్యాప్‌తో చేసింది. చావు ఇంట పాడే ఒప్పారి పాటను అరివు తన ర్యాప్ పక్కనే పెట్టి, భూమి దక్కని తన పూర్వీకుల కథ చెప్పాడు. శోకగీతం, ర్యాప్ ఒకే పాటలో ఒదుగుతాయని తేలిపోయింది.

కాలిఫోర్నియాలో తెలుగు కుటుంబంలో పుట్టిన రాజ కుమారి దారి వేరు. చిన్ననాడు నేర్చిన నాట్యంలోని జతులను ఇంగ్లీషు ర్యాప్ నడకలోకి ఒంపుకుంది. ర్యాపర్ డివైన్‌తో కలిసి చేసిన ‘సిటీ స్లమ్స్’లో ఆమె మాటలు విరిచే తీరు వింటే కాలి అడుగు నాలుక మీదికి ఎలా ఎక్కిందో తెలుస్తుంది. మాతృక ఏదైనా, శరీరానికి పట్టిన లయనే ఆమె వాడుకుంది.

జనగామలో, మహబూబాబాద్‌లో, భూపాలపల్లిలో ఫోన్ మీద బీట్లు కట్టుకునే పిల్లలకు ఒగ్గు లయ కొత్తది కాదు, మల్లన్నకు ముగ్గులతో వేసే పట్నాల్లో, బోనాల్లో విన్నదే. ఇప్పుడు చేయవలసిన పని చాలా స్పష్టం. డోలు శబ్దాన్ని రెడీమేడ్ ముక్కగా దించుకుంటే చాలదు, బృందాన్ని కూర్చోబెట్టి పాట కట్టాలి. దరువు తనంతట తాను వేగం పుంజుకునే తీరును కంప్యూటర్ గీతలకు బిగించకూడదు. కొస అందుకునే రెండో గొంతుకు తన పాదాలు తనకు ఉండాలి. డోళ్లవాళ్ల పేర్లు పాట కింద పడాలి, పాట సంపాదనలో వాటా వాళ్లకు చేరాలి. సంక్రాంతి నుంచి ఉగాది దాకా కొమురవెల్లిలో ప్రతి ఆదివారం జాతరే, అయినవోలులోనూ అదే కాలంలో ఒగ్గు పూజారులు పట్నాలు వేస్తుంటారు. మంచి రికార్డరు, రెండు మైకులు, ముందుగా పెద్ద ఒగ్గు పూజారి అనుమతి ఉంటే మొదటి పాటకు కావలసిన సరంజామా అక్కడే దొరుకుతుంది.