ఎవరన్నారు, ఎవరితో అన్నారు?

బుచ్చిబాబు నవల ‘చివరకు మిగిలేది’ మాట వస్తే చాలు, ఫ్రాయిడ్ వచ్చి పక్కన కుర్చీ వేసుకుంటాడు. కథానాయకుడు దయానిధికి తల్లి మీద తీరని మమకారం, దాంతో ఏ ఆడమనిషి దగ్గరా స్థిమితంగా నిలవలేకపోవడం, వెనకాల ఈడిపస్సూ హామ్లెట్టూ. కాలేజీలో మేం ఇదే రాసి మార్కులు తెచ్చుకున్నాం. ఈమధ్య మళ్ళీ చదవబోయినప్పుడు ఆ పెద్దమనుషులందర్నీ కాసేపు వీధరుగు మీద కూర్చోబెట్టి, పెన్సిల్ పట్టుకుని లోపలికి వెళ్ళాను.

చేసింది చిన్న పని. దయానిధి తల్లి నడవడి గురించి ఎవరు నోరు విప్పినా మార్జిన్‌లో ఒక గీత. దాని పక్కన మూడు ప్రశ్నలు: ఎవరన్నారు, ఎవరితో అన్నారు, కళ్ళారా చూశారా? పుస్తకం పూర్తయ్యేసరికి గీతలు బాగానే పడ్డాయి గాని, మూడో ప్రశ్న దగ్గర పెన్సిల్‌కి పెద్దగా పని తగల్లేదు. ఆవిడ చేసిన తప్పేమిటో బుచ్చిబాబు పంచాయతీ పెట్టి తేల్చరు. అయినా ఆ మాట దయానిధి వెంట పడుతూనే ఉంటుంది. వైద్యం చదివిన డాక్టరు, రాయలసీమలో వజ్రం దొరికిన అదృష్టవంతుడు. ఎంతైనా ఆవిడ కొడుకే.

రాసేవాళ్ళకి ఇది చాలా కష్టమైన చోటు. కథలో ఒక వదంతి పెట్టగానే చెయ్యి దురద పెడుతుంది. వెనక్కి వెళ్ళి ఒక సన్నివేశం రాసేసి, ఆవిడ నిజంగానే తప్పు చేసిందనో, పాపం ఏమీ ఎరగదనో చెప్పేయాలనిపిస్తుంది. చెప్పేస్తే పాఠకుడు తీర్పు ఇచ్చి చేతులు దులుపుకుంటాడు. చెప్పకపోతే అతనూ ఆ ఊళ్ళోవాడే అయిపోతాడు, ‘ఇంతకీ ఏం జరిగిందిట?’ అని చెవి ఒగ్గుతాడు. ఫ్రాయిడ్ వైద్యుడు గనక జబ్బును దయానిధి తలలో వెతుకుతాడు. నా గీతల లెక్క ప్రకారం జబ్బు ఊరిది, మందు మింగాల్సి వచ్చింది మాత్రం కొడుక్కి.

బుచ్చిబాబు అసలు పేరు శివరాజు వెంకట సుబ్బారావు. 1916లో ఏలూరులో పుట్టారు. అనంతపురం, విశాఖపట్నం కాలేజీల్లో ఇంగ్లీషు పాఠాలు చెప్పి, తర్వాత మద్రాసు రేడియోలో చేరి, 1967లో పోయేదాకా ఆ ఉద్యోగంలోనే ఉన్నారు. ఈ నవల 1946-47లో ‘నవోదయ’ పత్రికలో ధారావాహికగా వచ్చింది. మొదట అనుకున్న పేరు ‘ఏకాంతం’.

మా గోదావరి డెల్టాలో ఏకాంతం అరుదైన సరుకు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువ పారిన చోటల్లా ఊళ్ళు ఒత్తుగా పెరిగాయి. గట్టుకి ఈవల ఒక ఊరు, ఆవల ఇంకో ఊరు, అందరికీ అందరూ ఏదో ఒక వరస. మాగాణి ఉన్నచోట పెళ్ళంటే పొలం చేతులు మారడం కూడాను. అందుకే సంబంధం కలుపుకునేముందు ఆరా తీయడం ఇక్కడ ఒక విద్యగా ముదిరింది. ‘వాళ్ళమ్మ ఎలాంటిది?’ అని అడిగితే తెలియదనేవాడు తక్కువ. తెలియకపోతే కల్పించైనా చెబుతాడు.

మాకో మేనత్త ఉండేది. ఆఖరి కాన్పు తర్వాత మాట తగ్గిపోయింది. వంట మధ్యలో లేచి పెరట్లోకి వెళ్ళి కూర్చునేది. ఇవాళైతే కాన్పు తర్వాత వచ్చే దిగులని చెప్పి డాక్టరు మందు రాసేవాడేమో. అప్పట్లో గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టారు. చుట్టాలొస్తే ‘దానికి ఒంట్లో బాగాలేదు’ అని వెనక గదిలో పడుకోబెట్టేవారు. ఎవరైనా చినవాల్తేరు పేరెత్తబోతే మా నాయనమ్మ మధ్యలోనే నోరు మూయించేది. విశాఖలో పిచ్చాసుపత్రి ఉన్న ఆ పేట పేరు, హైదరాబాదువాళ్ళకి ఎర్రగడ్డలాగే, మా వైపు ఒక తిట్టు. ఇంట్లో పెళ్ళి కావలసిన పిల్లలున్నారన్న భయం ముందు అత్త బాధ ఎవరికీ ఆనలేదు. తర్వాత్తర్వాత ఆవిడ కూతుర్ని చూడటానికి వచ్చినవాళ్ళు ముందు అడిగింది పిల్ల చదువు గురించి కాదు.

ఇక్కడో చిన్న పక్కదారి. ‘చివరకు మిగిలేది’ పేరుతోనే 1960లో గుత్తా రామినీడు ఒక సినిమా తీశారు. సావిత్రి కథానాయిక. బుచ్చిబాబు నవలకీ దానికీ చుట్టరికం లేదు, అది బెంగాలీ ‘దీప్ జ్వేలే జాయ్’కి తెలుగు రూపం. విచిత్రం ఏమిటంటే అది మానసిక రోగుల ఆసుపత్రిలో పనిచేసే నర్సు కథ. ప్రేమ నటించి రోగుల్ని బాగుచేస్తూ, చివరికి తనే రోగి అవుతుంది. సినిమాకి ఆసుపత్రి కావలసివచ్చింది. నవలకి నలుగురు కూర్చునే అరుగు సరిపోయింది.

బుచ్చిబాబు నవల వచ్చిన రోజుల్లోనే గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ నవల రాశారు. అందులో సీతారామారావు వంశ ప్రతిష్ఠ నిలబెట్టబోయి ఆస్తినీ మతినీ పోగొట్టుకుంటాడు. గోపీచంద్ కృష్ణా జిల్లావారు. రెండూ పక్కపక్కన పెట్టి చదివితే రెండు డెల్టాలకీ తేడా నది పేరులోనే కనిపిస్తుంది.

మనసు జబ్బుని దాచిపెట్టడం ఇప్పుడు మారలేదా అంటే, కొంత మారింది. 2017 నాటి చట్టం మానసిక వైద్యాన్ని హక్కు చేసింది. 2022 నుంచి టెలి మానస్ అనే ఫోన్ సేవ ఉంది. 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు, ఎవరికీ కనబడక్కర్లేదు. కనబడక్కర్లేకపోవడమే మావాళ్ళకి అన్నిటికంటే నచ్చే సదుపాయం. భీమవరంలో ఉన్నవాళ్ళు విజయవాడ వెళ్ళి చూపించుకుంటారు, రాజమండ్రిలో ఉన్నవాళ్ళు విశాఖ రైలెక్కుతారు. మందులషాపు సైతం మన పేటలోది పనికిరాదు.

నవల మీద నాకో ఫిర్యాదు ఉంది. తల్లి గురించి ఇంతమంది ఇన్ని అన్నారు, ఆవిడ ఏమంటుందో మాత్రం మనకి అందదు. దయానిధి జీవితంలోకి వచ్చిన కోమలి, అమృతం, ఇందిర కూడా అంతే, అతను చూసినంత మేరకే మనకి కనిపిస్తారు. బుచ్చిబాబు ఊరి చేతికి తీర్పు ఇవ్వలేదు, మంచిదే. ఆవిడ చేత వాఙ్మూలమూ ఇప్పించలేదు.

అందుకని ఇప్పుడు శివరాజు సుబ్బలక్ష్మి గారి పుస్తకాలు చదువుతున్నాను. బుచ్చిబాబు భార్య. ఆవిడా కథలూ నవలలూ రాశారు, బొమ్మలు వేశారు. భర్త పోయాక యాభై ఏళ్ళు పైబడి జీవించి 2021లో కన్నుమూశారు. ‘నీలంగేటు అయ్యగారు’ ఆవిడ నవలే. కథల సంపుటాల్లో ఒకదాని పేరు ‘మనోవ్యాధికి మందుంది’. మందు లేదని తాతల నాటి నుంచీ అందరూ అప్పజెప్పే సామెతకి ఎదురుగా పెట్టిన పేరు. షాపులో ఆవిడ పుస్తకం అడిగితే ముందు బుచ్చిబాబు కథలు తీసి చేతిలో పెడతారు. వద్దనకండి, అవి తీసుకుని ఆవిడవి కూడా ఇమ్మని పట్టుబట్టండి.